గోడకు అతుక్కున్న అల్లుడు

పెళ్లయిన కొత్తలో ఎవరికైనా అత్తవారింట్లో తమ ప్రతిభ చూపించాలని దురద పుడుతుందేమో గానీ, నాకు మాత్రం అది కాస్త ఎక్కువగానే పుట్టింది. తాడేపల్లిగూడెంలో కొత్త ఉద్యోగం, కొల్లేరు పక్కన పల్లెలో కొత్త అత్తవారిల్లు. వెళ్లినప్పుడల్లా మర్యాదలతో ఊపిరాడేది కాదు. తిన్న కంచం తీయబోతే అత్తయ్యగారు బెంబేలెత్తిపోయేవారు. కుర్చీలో కూర్చుని చేపల పులుసును పొగడడం తప్ప ఆ ఇంట్లో నాకు వేరే పనుండేది కాదు. ఎప్పటికీ చుట్టంగానే మిగిలిపోతానేమోనని నిజంగానే బాధగా ఉండేది.

ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నారు. హాలుకీ పడగ్గదికీ మధ్య గోడ చెమ్మపట్టి (ఆ ఊళ్లో చెమ్మపట్టని గోడ లేదు లెండి) పళ్లెమంత పెచ్చు ఊడిపోయింది. పాస్టరుగారూ, సంఘమంతా వచ్చి దానికెదురుగానే కూర్చుంటారని అత్తయ్యగారి దిగులు. తాపీమేస్త్రి ఏదో పెళ్లికని ఏలూరు వెళ్లాడు. నేను లేచి, ఇదెంత పని, గంటలో చేసేస్తానన్నాను. అంతకుముందు నేను తాపీ పట్టిందే లేదు. ఫోన్‌లో వీడియో చూశాను, అదీ సగమే. మీకెందుకండీ అని మా ఆవిడ చెప్పనే చెప్పింది.

ఉబ్బినదంతా రాలగొట్టాకే కొత్తది మెత్తాలని వీడియోలో ఉంది. కొట్టాను. పళ్లెం కాస్తా చేటంత అయింది, చేట కాస్తా తలుపంత అయింది. ఎక్కడ తట్టినా డొల్లగానే మోగింది మరి. వెనకాల నిలబడ్డ మావయ్యగారు (రిటైరైన లెక్కల మాస్టారు) కొత్త అల్లుణ్ణి ఆపడం మర్యాద కాదని, "చాలా శ్రద్ధగా కొడుతున్నారండీ" అని ఊరుకున్నారు. అత్తయ్యగారు గోడవైపు చూడకుండా మజ్జిగ ఇచ్చి వెళ్లిపోయారు. ముందు ఇటుకలు తడపాలన్న ముక్క నేను చూడని సగంలో ఉందట. పొడి ఇటుకల మీదే సిమెంటు మందంగా మెత్తి, నున్నగా రుద్ది, తెల్లచొక్కా తొడుక్కుని ఆ పక్కనే గర్వంగా కూర్చున్నాను.

పాస్టరుగారు అందరినీ కళ్లు మూసుకోమన్నారు. నేను ఒక కన్ను గోడకే కేటాయించాను. ప్రార్థన మధ్యలో పై అంచున సన్నటి బీట కనబడింది. గబుక్కున లేచి రెండు చేతులూ చాపి గోడను అదిమిపట్టుకున్నాను. పక్కనున్న ముసలమ్మగారు కన్ను తెరిచి, నా భక్తిని మెచ్చుకున్నట్టు తలూపి మళ్లీ మూసుకున్నారు. ప్రార్థన ఎంతకీ ముగియదే. చివరికి అందరూ ఆమెన్ అనేసరికి మొత్తం పలకలా జారి, నా చొక్కా మీదుగా నేలకు దిగింది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వాపుకోబోయి పాస్టరుగారికి మాత్రం దగ్గొచ్చింది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటివాణ్ణి కావడం సంగతి దేవుడెరుగు, మళ్లీ ఆ గడప తొక్కే మొహం కూడా లేదనుకున్నాను. అత్తయ్యగారు లోపలికెళ్లి చీపురు తెచ్చారు. ఆవిడే ఊడుస్తారనుకుని పక్కకి తప్పుకున్నాను. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టారు.

"ముందు ఇదంతా ఊడ్చేయండి అల్లుడుగారండీ. టీ తర్వాత ఇస్తాను."

అప్పుడు మావయ్యగారు పగలబడి నవ్వారు. ఆయన వెనకే సంఘమంతా నవ్వింది.

ఇప్పుడు ఆ ఇంటికి వెళ్తే గ్యాస్ బండ మార్చడం దగ్గర్నుంచి మోటారు బాగుచేయించడం దాకా అన్నీ నాకే చెబుతారు, విసుక్కుంటూ చేస్తాను. ఆ సాయంత్రం నాలో ఉన్న కుర్రాడు మాత్రం గుర్తొస్తే ముద్దొస్తాడు. ఒంటినిండా సిమెంటుతో, అందరి నవ్వుల మధ్య, అంత సంతోషంగా నేను మళ్లీ ఏ ఇల్లూ ఊడవలేదు.