పగలంతా ఆకుపచ్చ

జమ్మలమడుగు నుంచి మా ఊరికి వచ్చేవాళ్లకు ముందు సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనిపిస్తుంది, ఆ తర్వాతే ఊరు. గాలిలో దుమ్మెంతుందో మనమే లెక్క తీద్దామని ఊళ్లో కొందరం కలిసి నాలుగు మిషన్లు తెప్పించుకున్నాం. ఒక్కోటి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. ఒకటి మా మిద్దె పిట్టగోడ మీద బిగించారు. దుమ్ము తక్కువైతే ఫోన్‌లో ఆకుపచ్చ, ఎక్కువైతే ఎరుపు. దాన్ని ముట్టుకోవద్దని నా భార్యకు గట్టిగా చెప్పాను. లెక్కల అయ్యవారిని గదా, గట్టిగా చెప్పడమే నాకు తెలుసు.

నేను రోజూ బస్సులో ప్రొద్దుటూరు బడికి పోయి సాయంత్రం వస్తాను. బడిలో ఎప్పుడు ఫోన్ చూసినా ఆకుపచ్చే. ఇల్లు చేరేసరికి ఎరుపు. మళ్లీ తెల్లారి నేను బయల్దేరేదాకా ఎరుపే. ఆదివారమైతే పగలు కూడా అంతే. నా తల తిరిగిపోయింది. లారీలు ఎక్కువగా తిరిగేది పగలు గదా, మరి అప్పుడు దుమ్మెక్కడికి పోతోంది? ఆదివారం ఫ్యాక్టరీ కొత్తగా ఏం వండుతోంది? గాలి ఎటు వీచిందో రోజూ నోటుబుక్కులో రాశాను. సాయంత్రం ఇళ్లకు మళ్లే గొర్రెల మందను అనుమానించాను. చివరికి నేను ఇంట్లో ఉంటేనే గాలి చెడుతోందేమోనని కూడా అనిపించింది.

అప్పటికే నా భార్యకు దగ్గు పట్టుకుని మూడు నెలలైంది. ప్రొద్దుటూరులో డాక్టరు "మీ పక్క దుమ్ము శానా ఉంటాదా? కొన్నాళ్లు యాడన్నా వేరేచోట ఉంటే మంచిది" అన్నాడు. నేను గొప్పగా ఫోన్ చూపించి, ఆమె మిద్దె మీద పనిచేసేది పగలే, పగలు దుమ్మే లేదని వాదించాను. ఆయన మందులు రాసి, పనిచేసేటప్పుడు ముఖానికి గుడ్డన్నా కట్టుకోమన్నాడు. బజారులో మెత్తటి నూలు గుడ్డ కొనిచ్చాను.

పులివెందులలో వాళ్లక్క ఇంట్లో ఒక నెల ఉండొస్తానని ఆమె అడిగింది.

"ఎందుకు మే? ఫోన్ చూడు, పగలు గాలి శానా బాగుండాది" అన్నాను.

ఆమె ఫోన్ వంక చూసి, దగ్గుకుంటూ వంటింట్లోకి పోయింది.

ఒకరోజు మధ్యాహ్నం నుంచి బడికి సెలవిచ్చారు. ఇంటికొచ్చి మిద్దె ఎక్కాను. ఆమె దగ్గుతూ ఊడుస్తోంది. చీపురు వెంట బూడిదరంగు దుమ్ము లేస్తోంది. ఫోన్ తీసి చూస్తే ఆకుపచ్చ. పిట్టగోడ మీద డబ్బాకు నేను కొనిచ్చిన నూలు గుడ్డ నిండుగా చుట్టి, దారంతో కట్టి ఉంది.

"ఏంది మే ఇది?"

"మిషన్ను నేను ముట్టుకోలేదు మామా. పగలు దుమ్ము శానా పడతాంది. మనల్ని నమ్మి ఇచ్చినారు, చెడిపోతే ఎట్ల? మొదట్నుంచీ పాతచీర ముక్క కడ్తాంటి, నువ్వు తెచ్చిన గుడ్డ మెత్తగుండాదని ఇప్పుడు ఇది కడ్తాండా. నువ్వు వచ్చేలోపల గుడ్డ తీసి ఉతికేస్తాండా. ఆదివారం నువ్వే చూసుకుంటావు గదా."

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"మరి నీ ముఖానికో?"

"నాకెందుకు మామా? పగలు గాలి బాగుండాదని నువ్వే చెప్తివి గదా."