పచ్చి చెక్క కిటికీ

మా వీధిలో ఆయన్ని అందరూ ఆరాలి మేస్త్రి అనేవాళ్ళు. ఏ వడ్రంగం పని చెప్పినా ముందు చెక్కను వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకా ఆరాలి" అనేవాడు. కొత్త కాపురానికి చెప్పిన మంచం పిల్లాడు పుట్టాక ఇచ్చాడని ఒకరు, ఆ పిల్లాడు బడికెళ్ళాక ఇచ్చాడని ఇంకొకరు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. కానీ నలభై ఏళ్ళలో ఆయన పెట్టిన తలుపు వానలకు బిగుసుకుందని గానీ, ఎండలకు సందు విడిచిందని గానీ ఎవరి నోటా వినలేదు.

నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలిపోయినవి విప్పి, మళ్ళీ చుట్టి నేర్చుకున్నాను. పని తెలిసినవాళ్ళంటే నాకు గురి. మా అక్కకు కిటికీ కావలసి వచ్చినప్పుడు నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

అక్క బట్టలు కుట్టేది. ఆ మిషన్ తొక్కే నన్ను పెంచింది. వెన్నులో జబ్బు చేసి మంచాన పడింది. రెండు నెలలు మించదని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. అక్క నా మొహం చూసి తనే తెలుసుకుంది. ఆమె అడిగింది ఒక్కటే, వీధి కనబడాలని. గదిలో కిటికీ ఉంది గానీ బాగా ఎత్తులో ఉంది. పడుకుంటే ఆకాశం ముక్క తప్ప ఏమీ కనబడదు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టి చూశాం. ఆమెను ఎక్కించడం, దించడం నా వల్ల కాక తీసేశాం.

మేస్త్రి వచ్చి టేపు తీయలేదు. ఒక బద్దను నేల మీద నిలబెట్టి, దిండు మీదున్న అక్క కంటికి సరిగ్గా పెన్సిలు గీత గీశాడు.

"కిటికీకి నన్ను కొలుస్తావేంటన్నా? నేను జాకెట్టుకు కూడా ఇంత చూసేదాన్ని కాదు," అంది అక్క.

"అందుకే నీ జాకెట్లు రెండోసారి విప్పి కుట్టాల్సి వచ్చేది."

"ఓయబ్బో! వదిన చెప్పిందా?"

"మా ఇంట్లో రోజూ ఉండే మాటే అది."

అక్క నవ్వబోయి దగ్గింది.

బయటికొచ్చాక ఆయన గొంతు తగ్గించాడు. "తమ్ముడూ, ఈ పొడుగుకి ఆరిన చెక్క నా దగ్గర లేదు. పచ్చిది కొంటే మూడు నెలలు ఆరబెట్టాలి."

"మూడు నెలలు లేవు మేస్త్రీ."

రెండు రోజులు పాత కలప అమ్మేచోటల్లా తిరిగాడు. దొరికినదంతా చెదలు తిన్నదే. మూడో రోజు వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, పచ్చి చెక్కతో చేస్తే ఎండలొచ్చేసరికి మెలి తిరుగుతుంది. నేనెప్పుడూ అలాంటి పని చెయ్యలేదు."

"నేను మాత్రం తిన్నగా ఉన్నానా? చెయ్యన్నా. అది మెలి తిరిగేదాకా నేనుంటే కదా."

ఆయన లేచి వెళ్ళి పచ్చి చెక్క కొనుక్కొచ్చాడు. నాలుగు రోజుల్లో ఆ గీత కిందిదాకా గోడ కొట్టించి, కిటికీ నిలబెట్టాడు. చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలుగా రాలక తడిముద్దలా అంటుకునేది. దాన్ని దులుపుతున్నప్పుడు నేనాయన మొహం చూడలేకపోయాను.

అక్క ఇరవై మూడు రోజులు వీధి చూసింది. "ఒరేయ్, ఆ నీలం జాకెట్టు నేను కుట్టిందే. భుజం జారింది, పిలువు దాన్ని!" అని కేకలేసేది. సైకిల్ షాపతను ఏ పూట ఎవరితో పేచీ పెట్టుకున్నాడో నాకు చెప్పేది. ఆ మర్నాడు పొద్దున టీ తీసుకెళ్ళేసరికి మొహం కిటికీ వైపే ఉంది. పిలిస్తే పలకలేదు.

ఎండలొచ్చాయి. చట్రం మెలి తిరిగింది. రెక్క మూసుకోదు, పైన వేలు దూరేంత సందు. వీధి మీది కిటికీ కాబట్టి అందరూ చూశారు.

"ఏం మేస్త్రీ, ఆరీ ఆరీ ఇలా అయిందా?" అని సైకిల్ షాపతను అరిచాడు.

"నా పనే," అని మేస్త్రి సాగిపోయాడు. ఒకరిద్దరు తమ తలుపుల పని వేరేవాళ్ళకిచ్చారు. నేను అసలు సంగతి చెప్పబోతే ఆపాడు.

"కారణం చెబితే రెక్క మూసుకుంటుందా? దీనికి చెక్క కొన్న రోజే ఇంకో చట్రానికి కూడా కొని మా అటక మీద పడేశా. ఆరగానే ఇది తీసేసి అది పెడతా."

ఆరాక వచ్చాడు. నాకు మనసొప్పలేదు. అక్క చివరిదాకా చూసిన కిటికీ అది. "ఇంకొన్నాళ్ళు ఉండనీ మేస్త్రీ," అన్నాను. మళ్ళీ వచ్చాడు, అదే మాటన్నాను. మూడోసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి, "నీకది అక్క. నాకది నా పేరు తమ్ముడూ," అన్నాడు మెల్లగా. అప్పుడైనా ఒప్పుకోవలసింది.

నెల తిరక్కుండా పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. నేను పరుగెత్తాను. "అటక మీదుంది, తీసుకెళ్ళు. ఎవరిచేతైనా పెట్టించు," అన్నాడు, గోడ వైపు తిరిగి.

ఆ చెక్కను వేరొకరి చేతిలో పెట్టడానికి నాకు చెయ్యాడలేదు. నేనే చేశాను. పన్నెండు రోజులు పట్టింది. ఆయన్ని ఆటోలో తీసుకొచ్చి చూపించాను. ఎడమచేత్తో చట్రమంతా నిమిరి, కింది మూల దగ్గర ఆగాడు. అక్కడ అతుకులో గోరు దిగుతుంది. రెక్క రెండుసార్లు తెరిచి మూశాడు.

"మూసుకుంటోంది," అన్నాడు. రెక్క మీంచి చెయ్యి తీసి, "మేస్త్రి చేశాడని మాత్రం ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"చెప్పను."

మరుసటి ఏడు ఆయన పోయాడు. ఇప్పటికీ వీధిన పోయేవాళ్ళు ఆ మూల చూసి, చివర్లో ఆరాలి మేస్త్రికి చెయ్యి తప్పిందని అనుకుంటారు. నేను చేస్తున్న పని ఆపి బయటికొచ్చి, అది నా పని అని చెబుతాను. పచ్చి చెక్క సంగతి, నేను ఆయన్ని మూడుసార్లు తిప్పిపంపిన సంగతి కూడా చెబుతాను. ఆయన మీద అభిమానం కొద్దీ అంటున్నాననుకుని, తలూపి వెళ్ళిపోతారు.