నాయన రబ్బరు చెప్పులు

మొన్న తిరుపతిలో నా పేస్‌మేకర్ బ్యాటరీ మార్పించుకుని ఇంటికి వచ్చాక, మనవరాలు నా భుజానికి తల ఆనించి సెల్‌ఫోనులో బొమ్మలు చూస్తుంటే, కుట్ల మీద పడబోకు అని తప్ప నా కూతురు ఇంకేమీ అనలేదు. అది చూస్తే, బంగారుపాళ్యంలో ఉండగా మొదటిసారి ఆ మిషను పెట్టించుకున్న ఏడాది గుర్తుకొచ్చింది.

అప్పటికి రెండుమూడుసార్లు కళ్లు తిరిగి పడ్డాను, గుండె మరీ నిదానంగా కొట్టుకుంటోందని, మిషను పెట్టక తప్పదని డాక్టర్లు చెప్పారు. నా కూతురికి నాలుగేళ్లు. మామిడి కాలం కావడంతో గుజ్జు ఫ్యాక్టరీలో మా ఆయనకు సెలవు దొరకడమే గగనమైంది. ప్రయాణానికి ముందు బిడ్డకు తలంటి పోశాను, మా అత్త పక్కన పడుకోవడం అలవాటు చేశాను. నేను తిరిగి రాకపోతే ఎట్లా అన్న ఆలోచన వచ్చినా, అదేదో పక్కింటివాళ్ల సంగతిలా వచ్చి పోయింది. ఆసుపత్రిలో ఎడమ భుజం కింద మాత్రమే మత్తు ఇచ్చారు గానీ, నాకు మనిషంతా మొద్దుబారినట్టే ఉండింది.

కొన్నాళ్లు ఎడమ చెయ్యి పైకి ఎత్తకూడదు, బరువు మోయకూడదు అని చెప్పి పంపారు. మా అత్త దానికి ఇంకొకటి కలిపింది. "మే పాపా, మీయమ్మకు లోపల బ్యాటరీ పెట్టినారు, తాకబాకు, కరెంటు కొడ్తాది" అని బిడ్డతో అనేసింది. పాపం ఆమె నిజంగానే నమ్మింది, మా పాత ఇంట్లో వానాకాలం గోడ ముట్టుకున్నా జిల్లుమనేది మరి. ఆనాటి నుంచి బిడ్డ గడప అవతలే నిలబడి నన్ను చూసి పోయేది. కొట్టదు, రామ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆ మాట కూడా నా నోట రాలేదు. బిడ్డ నాకు దూరమైపోతోందని తెలుస్తూనే ఉన్నా చీమ కుట్టినట్టయినా లేదు.

అట్లా ఉండగా ఒక మధ్యాహ్నం ఇంట్లో టపటపమని చెప్పుల చప్పుడు వినిపించింది. లోపలికి చెప్పులతో వస్తే మా అత్త ఊరుకునే మనిషి కాదు. చూస్తే నా కూతురు, వాళ్ల నాయన రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఈడ్చుకుంటూ మంచం దగ్గరికి వస్తోంది. స్విచ్చి ముట్టుకునే ముందు ఆయన ఆ చెప్పులు తొడుక్కోవడం అది రోజూ చూసేదే. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి, ఒక్క వేలితో నా కట్టును పొడిచింది. ఆగి, మెల్లగా కళ్లు తెరిచి, "కొట్లేదు మా!" అని వాళ్ల అవ్వకు వినపడేలా అరిచింది. ఇన్నాళ్లకు నాకు అక్కడ నొప్పి తెలిసింది. బిడ్డను కుడిచేత్తో దగ్గరికి లాక్కుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇప్పుడు ఆ భయాలు లేవు, ఏ అనుమానం వచ్చినా ఫోనులో చూసుకుంటారు, మనవరాలికి ఇది చేతి గడియారంలాంటి వస్తువు. మంచిదే. అయినా, కరెంటు కొడుతుందని నమ్మి కూడా వచ్చి నన్ను ముట్టుకుంది నా బిడ్డ. అంత ధైర్యం చేసి నా దగ్గరికి రావలసిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు.