డబ్ల్యూ అంటే వెయిట్ అనుకున్న శాంతికుమార్

శాంతికుమార్ తాళం తిప్పాడు. జీపు రెండుసార్లు మూలిగి ఊరుకుంది. "ప్రభువా" అన్నాడు. అది ప్రార్థన మాత్రం కాదు.

ఆయనకు యాభై నాలుగేళ్లు, ఆ డీజిల్ జీపుకు ఇరవై ఆరు. ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు రోజూ ఐదున్నరకు మొదటి ట్రిప్పు. డిసెంబరు వచ్చి, కొండ మీంచి చలి దిగడం మొదలైన దగ్గర్నుంచి బండికి మొండితనం పట్టుకుంది. కొత్త బ్యాటరీ వేయించాడు. స్టార్టరు విప్పించి బాగు చేయించాడు. హీటర్ ప్లగ్గులు మార్పించాడు. మధ్యాహ్నం బుద్ధిగా కదిలే బండి తెల్లవారితే చాలు, కదలనంటుంది.

ఆ గురువారం వెనక సీట్లో నాగులమ్మ శాలువా కప్పుకుని కూర్చుంది. ఏడింటికి ఆత్మకూరులో కంటి ఆసుపత్రి వ్యాను ఎక్కాలి. అది వారానికి ఒక్కసారే వస్తుంది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానికి పొర ముదురుతోంది.

"దీనికీ నా మాదిరే పొర కమ్మిందేమో అబ్బయా" అందామె.

"నువ్వు కూడా ఎగతాళి చేస్తే ఎట్టవ్వా?"

టీకొట్టు పెంచలనరసయ్య పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చాడు. ఉదయ ప్రార్థనకు పోయేవాళ్లు నలుగురు బైబిళ్లు సీటు మీద పెట్టి చేతులు వేశారు. ఈ నెలంతా ఇదే వరస. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ మంచితనమే శాంతికుమార్‌కు మరీ చిరాకు తెప్పిస్తోంది.

"దీన్ని అమ్మేసి ఎద్దుల బండి కొనుక్కోరా, పిలిస్తే లేస్తాది" అన్నాడు నరసయ్య తోస్తూ.

మూడుసార్లు తోశాక, పల్లంలో అందుకుంది. ఆత్మకూరు చేరేసరికి ఏడూ ఇరవై. వ్యాను వెళ్లిపోయింది. నాగులమ్మ శాలువా సర్దుకుని మళ్లీ సీట్లో కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

అక్కణ్ణుంచి నేరుగా మెకానిక్ జాకీర్ షెడ్డుకు పోయాడు. జాకీర్ ముందు ఆమెకు స్టూలు వేసి, టీ తెప్పించి, తర్వాత బానెట్ ఎత్తాడు. సీటు కింద నీళ్లకు వాడుతున్న ఖాళీ ఆయిల్ డబ్బా జాకీర్ కంట పడింది. దాని మీది గ్రేడు చదివాడు.

"ఇరవై డబ్ల్యూ యాభయ్యా? నేను పదిహేను డబ్ల్యూ నలభై పొయ్యమన్నా గదన్నా."

"పొగ ఎక్కువైందని దీపావళికి మార్చినాను. పాత బండికి బరువైన ఆయిల్ పొయ్యాలని ఆమాత్రం తెలీదా? డబ్ల్యూ అంటే వెయిట్. నీది పదిహేను, నాది ఇరవై."

జాకీర్ చేతులు తుడుచుకోవడం ఆపాడు. "ఎవురు చెప్పినారు?"

"ఎవురు చెప్పేదేంది? ముప్పై ఏళ్లుగా బండి తోల్తా ఉండా."

"డబ్ల్యూ అంటే వింటరన్నా, చలికాలం. ఆ ముందు నెంబరు చలికి ఆయిల్ ఎంత చిక్కబడతాదో చెప్తాది. నెంబరు తగ్గితే పల్చగా ఉంటాది. నీ ఇంజను అరిగిపోయిండాది. పొద్దున్నే ఆ చిక్కటిదాంట్లో అదేం తిరుగుద్ది? ఎండలో అయితే పాత బండికి చిక్కటి ఆయిలే మేలు, ఆడ నీ మాటే రైటు."

"ఆ ముక్క డబ్బా మీద రాయొచ్చు గదా."

"రాసినారు గదన్నా, డబ్ల్యూ అని."

నాగులమ్మ టీ తాగుతూ నవ్వింది. శాంతికుమార్‌కు నవ్వు రాలేదు. పాత ఆయిల్ దించించాడు, ఫిల్టరు మార్పించాడు, పదిహేను డబ్ల్యూ నలభై పోయించాడు. ఇంటికొచ్చి చెబితే భార్య సుకుమారి తల పట్టుకుంది. "నెలంతా బ్యాటరీ కోసం ప్రార్థన చేయించావే నా చేత."

మళ్లీ గురువారం. చలి అంతే ఉంది. నాగులమ్మ సీట్లో కూర్చుంది. నరసయ్య పొయ్యి సిమ్‌లో పెట్టి వచ్చి వెనక నిలబడ్డాడు. శాంతికుమార్ కళ్లు మూసుకుని తాళం తిప్పాడు. జీపు ఒక్కసారి వణికి అందుకుంది. నరసయ్య చాచిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"ముందే చెప్తే రాను గదరా" అన్నాడు, కాస్త అలిగినట్టు.

ఆరున్నర దాటగానే ఆత్మకూరులో వ్యాను పక్కన జీపు ఆగింది. శాంతికుమార్ ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాడు. జీపు ఇంకా గుడగుడమంటూనే ఉంది. దాన్ని ఆపే ధైర్యం ఆయనకు చాల్లేదు.

వ్యాను కిటికీలోంచి నాగులమ్మ తల బయట పెట్టింది.

"ఇంగ ఆపుకో అబ్బయా. నేను ఎక్కేసినాను గదా."