సుధామణి ఇంట్లో ముప్పై విస్తర్లు

సుధామణి వీధిలోకి వస్తే కుక్కలు కూడా జేబులు తడుముకుంటాయని బాగలూరులో ఒక ఎగతాళి. కుక్కలకు జేబులు లేవు కాబట్టి బతికిపోయాయి. మనుషులు మాత్రం ఆమె గేటు తీసేలోపే పర్సు వెతుక్కుంటారు. హోసూరులో చెవులు వినబడని పిల్లలకు ఒక చిన్న బడి ఉంది. దాన్ని నడిపే ట్రస్టుకు పంతొమ్మిదేళ్లుగా జీతానికి చందాలు తెచ్చేది ఆమే.

ఆమె పద్ధతులు ఆమెవి. పొద్దున కాఫీ చల్లారేలోపు ఐదుగురికి ఫోను చేయాలి, ఒక్కరినీ ఏమీ అడగకూడదు. చందా అందితే ఆ రోజే వందనం చెప్పాలి. ఒకసారి అడగడానికి పోతే మూడుసార్లు ఊరికే పలకరించడానికి పోవాలి. బేరిగైలో ఎవరి ఆవు ఈనిందో, తళిలో ఎవరి గ్రీన్‌హౌస్ గాలికి చిరిగిందో అన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంది, మనిషికొక పేజీ. ఆమె కోసం ఎవరూ పేజీ పెట్టుకోలేదు. మొగుడు పోయి పన్నెండేళ్లు, పిల్లలు లేరు. ఇన్నేళ్లలో "తిన్నావా" అని అడగడానికి ఆమెకు ఒక్క ఫోనూ రాలేదు. అన్యాయం కాకపోతే ఏమిటిది?

మొన్న వైశాఖంలో ఆమె హోసూరులో సొంత ఇల్లు కట్టుకుంది. రెండు గదులు, పైన రేకులు. పాలు పొంగించే రోజు తనవాళ్లు తన ఇంట్లో కూర్చుని తినాలి, అదొక్కటే ఆశ. పొద్దుటి ఫోన్లలోనే అందరినీ పిలిచింది. "వస్తామమ్మా, నువ్వు పిలిస్తే రామా," అన్నారు. పప్పు తానే రుబ్బుకుని ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి, ముప్పై విస్తర్లు పరిచింది.

రాలేదనడానికి లేదు, వచ్చారు. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి, ఒక్కొక్కరూ ఒక కవరు ఆమె చేతిలో పెట్టారు. ప్రతి కవరు మీదా "బడికి" అని రాసుంది.

"కూర్చో గుర్రప్పా, ఆకు వేసినాను."

తళిలో క్యాబేజీ పండించే గుర్రప్ప చేతులు జోడించాడు. "వద్దమ్మా. పిల్లోళ్ల సొమ్ముతో వండిన కూడు మేము తింటే అరగదు."

"నా సొంతమప్పా ఇది, నా జీతంతో చేసినాను."

"నువ్వు అట్లనే అంటావులేమ్మా," అని నవ్వి, ఇంకో దండం పెట్టి బస్సుకు పోయాడు. చెడ్డవాళ్లయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇంత మంచివాళ్లను ఏం చేయాలి?

బాగలూరు గులాబీతోట కేశవప్ప, ఆయన భార్య అంజినమ్మ అయినా కూర్చుంటారనుకుంది. అంజినమ్మకు ఆపరేషనైనప్పుడు మూడు రాత్రులు ఆస్పత్రిలో పక్కనే పడుకున్నది సుధామణే. వాళ్లూ కవరిచ్చి, పూల లోడు ఉందని వెళ్లిపోయారు.

సాయంత్రం ఓళిగలు క్యారియర్‌లో సర్దుకుని ఆమే బాగలూరు బస్సెక్కింది. గేటు దగ్గర ఆమెను చూసి కేశవప్ప లేచాడు. "పొద్దున ఇచ్చినాము కదమ్మా?"

"ఈసారి ఇచ్చేదానికి వచ్చినానప్పా."

అంజినమ్మ పడీపడీ నవ్వింది. "అయ్యో సుధమ్మా!" అంటూ క్యారియర్ లోపలికి తీసుకుపోయింది. సుధామణి గేటు దగ్గరే నిలబడి క్యారియర్ కోసం చూసింది. గిన్నె ఇస్తే ఉత్తది తిరిగివ్వరు. పిడికెడు చక్కెరో రెండు పూలో వేసి ఇస్తారు. అది మనవాళ్ల మధ్య నడిచే మర్యాద. రసీదు పుస్తకం తప్ప గిన్నె పట్టుకుని ఎవరింటికీ పోలేదు కాబట్టి, ఆమెకు అది ఎన్నడూ దక్కలేదు.

"ఉత్తది ఇయ్యకూడదని ఏదో వేసినాను, ఇంటికి పోయి చూసుకో," అంటూ అంజినమ్మ మూత గట్టిగా నొక్కి ఇచ్చింది.

బస్సులో క్యారియర్‌ను ఒళ్లోనే పెట్టుకుంది. చక్కెర ఒలుకుతుందేమోనని కదలకుండా కూర్చుంది. ఇంటికొచ్చి, ఎవరూ తినని విస్తర్ల పక్కన కూర్చుని మూత తీసింది. లోపల మడిచిన ఐదు వందల నోటు ఉంది.

ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని, అంజినమ్మకు ఫోను చేసింది.

"చూసినావా సుధమ్మా? నువ్వు అడగకముందే ఇయ్యాలని వేసినాను."

నాకు పిడికెడు చక్కెర చాలునక్కా, అనాలని నోటిదాకా వచ్చింది.

"శానా సంతోషమక్కా," అంది. "పిల్లోళ్ల తరపున వందనాలు. రసీదు రేపు తెచ్చిస్తాను."