మా బిడ్డ చిలుక నిద్రపోయింది

నాకు మరాఠీ బజారు వరకే వచ్చు. టమాటాల ధర తగ్గించమని అడగగలను, ఆటోవాడితో గొడవపడగలను. అంతకు మించి ఎవరైనా మర్యాదగా, పొడుగ్గా మాట్లాడితే తలకెక్కదు. మా ఆయనకి పద్మాపూర్ బొగ్గు గనుల్లో పని దొరికి, పెళ్లయిన కొత్తలో మంచిర్యాల వైపు నుంచి మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్ వచ్చాను. మా కాలనీలో ఎటు చూసినా తెలుగిళ్లే కాబట్టి ఇంకో భాష అవసరం పడలేదు. మా బిడ్డ మాత్రం ఇక్కడే పుట్టింది. అంగన్‌వాడీ నుంచే మరాఠీ చెవిన పడింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, రెండూ గడగడా మాట్లాడేస్తుంది. బ్యాంకుకి పోయినా, ఆసుపత్రికి పోయినా నా నోరు ఆ పిల్లే.

తను మూడో తరగతిలో ఉండగా బడికి ట్యాబ్‌లు వచ్చాయి, ఒక్కో పిల్లకి ఒకటి. అందులో ఒక బొమ్మ చిలుక ఉండేది. అది ప్రశ్న అడిగితే పిల్లలు జవాబు నొక్కాలి. సరిగ్గా చెబితే ఒక మెట్టు పైకెక్కించి ఇంకాస్త కష్టమైనది ఇస్తుంది, తప్పితే మెట్టు దించి మళ్లీ నేర్పుతుంది. ఎవరికి తగ్గ పాఠం వాళ్లకి. వాళ్ల మేడం తల్లులందరినీ పిలిచి చూపించి, ఇక ఏ పిల్లా వెనకబడదని చెప్పింది. నాకెంత నచ్చిందో! మా చిన్నప్పుడు సారు బోర్డు మీద రాసిందే అందరికీ పాఠం. అర్థమైన వాళ్లకి అయింది, కానివాళ్ల వీపు పగిలింది.

ఆ మేడం అంటే నాకు ప్రాణం. చిన్న వయసు, నవ్వు మొహం. తెలుగు పిల్లలంటే మొహం చిట్లించే రకం కాదు. ఇంట్లో సకినాలు చేస్తే ముందు ఆమెకే డబ్బా కట్టేదాన్ని. మా బిడ్డ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు కూడా నేర్చుకుంది. గేటు దగ్గర కనబడి "బాగున్నరా అక్కా?" అంటే పొంగిపోయేదాన్ని.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, చిలుక మాట్లాడేది మరాఠీ. మా కాలనీ పిల్లలకి, అందులోనూ కొత్తగా వచ్చిన వాళ్లకి, లెక్క తెలిసినా ప్రశ్న అర్థమయ్యేది కాదు. ఒకరోజు మా బిడ్డ ఎగురుకుంటూ ఇంటికొచ్చింది.

"అమ్మా, మేడం నన్ను అందరి నడుమ కూసోబెట్టింది. చిలుక అడిగేది నేనే వాళ్లకు తెలుగుల చెప్పాల్నట!"

"మరి నీది నువ్వెప్పుడు చేసుకుంటవే?"

"చేస్త తియ్యి. ఇయ్యాల నేను చెప్పుకుంట కూసుంటే నా చిలుక నిద్రపోయింది!"

కాసేపు ముట్టుకోకపోతే అది కళ్లు మూసుకుంటుందట. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఆ తర్వాత రోజూ అదే ముచ్చట, ఎవరెవరికి చెప్పిందో, ఎవరు ఎన్ని మెట్లు ఎక్కారో. తన మెట్ల మాట మాత్రం ఎత్తేది కాదు. నాకు మనసులో ఏదో పీకి, గేటు దగ్గర మేడంని నా వచ్చీరాని మరాఠీలో అడిగాను, దీని చదువుకేం కాదు కదా అని. ఆమె నా చెయ్యి పట్టుకుని, "టెన్షన్ వద్దు అక్కా, నేనున్న" అంది. తెలుగులోనే అంది.

దసరా సెలవులయ్యాక తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. మా బిడ్డ నా పక్కనే కూర్చుని అక్కడి మాటలన్నీ నాకు తెలుగులో చెబుతూ ఉంది. ట్యాబ్‌లు వచ్చాక ఈ తరగతి ఎక్కడికో వెళ్లిపోయిందని హెడ్‌మాస్టరు మురిసిపోయాడు. కొత్త తెలుగు పిల్లలు కూడా మెట్లెక్కారని, పెద్ద అధికారులు చూడ్డానికి వస్తున్నారని చెప్పి చప్పట్లు కొట్టించాడు. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఇదే. ఆ సంగతి అప్పటికి నాకు తట్టక నేనూ కొట్టాను.

తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచారు. బల్లకి అవతల హెడ్‌మాస్టరు, పక్కన ట్యాబ్ పట్టుకుని మేడం. ఆయన పొడుగ్గా ఏదో చెప్పాడు. నేను మా బిడ్డ వైపు చూశాను.

"ఏమంటున్నడే సారు?"

"నేను మస్తు వెనకపడ్డనట. నాకు ధ్యాస లేదట. చిలుక అడిగినా జవాబు చెప్పక ఊకెనే కూసుంటనట." ఆయన ఇంకా ఏదో అన్నాడు. అదీ చెప్పింది. "రేపటి సంది నన్ను పక్క గదిల కూసోబెడ్తరట. ఆడ రెండో తరగతి పాఠాలు చెప్తరట."

తన మీద తీర్పు తనే, ఒక్క మాట వదలకుండా నాకు తెలుగులో వినిపించింది. అలవాటైన పనే కదా.

నేను మేడం వైపు చూశాను. ఇప్పుడు చెబుతుందనుకున్నాను. సార్, ఈ పిల్లని నడుమ కూర్చోబెట్టింది నేనే, చిలుక నిద్రపోయింది అందుకే అని, ఒక్క మాట. ఆమె తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని ట్యాబ్ మీద వేలు జరుపుతూ కూర్చుంది. ఆమె ఎందుకు నోరు విప్పడం లేదో అప్పుడు వెలిగింది నాకు. చెబితే ఆ పిల్లల్ని మెట్లెక్కించింది చిలుక కాదని, ఎనిమిదేళ్ల పిల్ల నోరని తేలిపోతుంది. హెడ్‌మాస్టరు మీద నాకు పెద్ద కోపం రాలేదు, ఆయనకేం తెలుసు? తెలిసి నోరు మూసుకున్న మనిషిని మాత్రం ఇప్పటికీ క్షమించలేను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

నా ఒళ్లు భగ్గుమంది. "అడుగవే!" అన్నాను బిడ్డతో. "నడుమ కూసోబెట్టింది ఎవరు, నేనున్న అన్నది ఎవరు, అడుగు. నా బిడ్డ కష్టమంత వాడుకొని ఇయ్యాల మొద్దని పేరు పెడ్తరా? సిగ్గుండాలె! నేనన్నది అన్నట్టే చెప్పు."

నా తెలుగంతా మేడంకి అర్థం కాకపోవచ్చు. కానీ "నేనున్న" అన్నది ఆమె మాటే. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల ఎత్తలేదు.

మా బిడ్డ ఆమెనే కాసేపు చూసింది. తర్వాత సార్ వైపు తిరిగి మెల్లగా, "ఆయీ మ్హణ్తే, ఠీక్ ఆహే" అంది.

అమ్మ సరేనంటోంది. ఆ మాత్రం మరాఠీ నాకూ వచ్చు. కాదని అరుద్దామంటే మాత్రం నా బజారు మరాఠీ ఆ బల్ల ముందు ఒక్క ముక్క బయటికి రాలేదు. సార్ తలాడించి తర్వాతి వాళ్లని పిలిచాడు.

గేటు దాటగానే దాని రెక్క పట్టుకుని గుంజాను. "నేనేమన్న, నువ్వేం చెప్పినవే? ఎందుకు గట్ల చెప్పినవ్?"

"నువ్వన్నది చెప్తే సార్ మేడంను తిడ్తడు. అందరి ముంగట ఏడుస్తది ఆమె."

"ఓసి నా పిచ్చి తల్లీ! మరి నీకు వస్తలేదా ఏడుపు?"

"వస్తున్నది," అంది. "ఇంటికి పోయినంక ఏడుస్త."

నేను తలుపు తాళం తీసేదాకా ఆగింది.