చేతులు కట్టుకుని విన్న నాట్యం

ఆ రోజుల్లో నాకు కోపం వస్తుందని ఎవరికీ తెలియదు, నాక్కూడా తెలియదు. బడికి పోకుండా అమ్మ దగ్గరే చదువూ కీర్తనలూ నేర్చుకుని, పరీక్షలు మాత్రం బయట రాసి, మాదాపూర్‌లో ఉద్యోగం సంపాదించినదాన్ని. దక్కిన ప్రతిదానికీ దణ్ణం పెట్టుకునేదాన్ని (ఆఫీసు లిఫ్టు త్వరగా వచ్చినా సరే). అలాంటి నాకు ఆ సాయంత్రం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గచ్చిబౌలిలో ఓ విదేశీ వాద్యబృందం కచేరీకి మా టీమ్ అందరికీ క్లయింట్ టికెట్లు ఇచ్చాడు. అన్నీ నాట్యం కోసం పుట్టిన బాణీలేనట. "కూర్చున్న కాళ్లు కూడా ఆడతాయి" అని చేతికిచ్చిన కాగితంలోనే అచ్చేశారు. అన్ని వయొలిన్లు ఒక్కసారిగా లేచేసరికి నా చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేయసాగింది. తాళం వేయకుండా పాట విన్న పాపాన పోలేదు మరి. పక్కనే ఉన్న మా టీమ్ లీడ్ ఆ కాగితాన్నే చుట్టి నా చేతి మీద ఒక్కటిచ్చారు.

"ఏందమ్మా గిది, భజన అనుకున్నవా? చేతులు కట్టుకొని కూసో. క్లయింట్ చూస్తుండు, జర ఇజ్జత్ కాపాడు."

"తాళమండీ, సార్..."

"తాళం గీళం ఇంటికాడ ఏస్కో!"

కట్టుకున్నాను. కాలివేళ్లు కదిలితే వాటినీ ఉరిమి చూశారు మహానుభావుడు. ఆడించడానికే పుట్టిన సంగీతం ముందు బొమ్మలా కూర్చోవాలా? అమ్మ నేర్పింది అంతమందిలో తప్పయిపోయిందా? గంటసేపు లోపల్లోపల ఉడికిపోయాను. తాళం లెక్క మాత్రం ఆపలేదు, చున్నీ చాటున వేళ్ల మీద.

చివరి బాణీ ఉరుకులు పరుగుల మీద సాగి, పెద్ద డోలు దెబ్బతో ఠక్కున ఆగింది. హాలంతా నిశ్శబ్దం. నా లెక్కలో బాణీ అయిపోలేదు, ఇంకా నాలుగు దెబ్బలున్నాయి. బృందాన్ని నడిపించే ఆయన కర్ర గాల్లోనే ఉంది. మా సార్ మాత్రం కుర్చీలోంచి లేస్తున్నారు. చెయ్యి అడ్డంపెట్టి ఆపడానికి నాకు టైముంది. ఆపలేదు.

"వహ్వా! సూపర్!" ఒక్కరే నిలబడి, ఒక్కరే చప్పట్లు. ముందు వరసలోంచి క్లయింట్ వెనక్కి తిరిగి చూశాడు. సరిగ్గా నాలుగో దెబ్బకి వాద్యాలన్నీ మళ్లీ అందుకున్నాయి.

పార్కింగ్‌లో సార్ నన్ను పట్టుకున్నారు. "అయిపోలేదని నీకు ఎర్కనా?"

"తెలుసండీ."

"మరి చెప్పొద్దా?"

"చేతులు కట్టుకోమన్నారు కదండీ."

నల్లగండ్లలో ఇల్లు చేరి, దీపం ముందు క్షమాపణ అడగబోయి, ముందు కృతజ్ఞతలు చెప్పేశాను (దేవుడు నవ్వే ఉంటాడు).

ఇప్పుడు నాకూ ఓ టీమ్ ఉంది. మొన్న మీటింగులో ఓ కొత్తమ్మాయి బల్ల మీద వేళ్లతో దరువేస్తుంటే, ఆపమనడానికి నా చెయ్యి లేచింది. సగంలోనే నవ్వొచ్చి, నా చేతులు నేనే కట్టుకున్నాను.